జింక కోసం ఆపిన సాంబ్రాణి

కార్తీక మాసం మొదలైన మూడో రోజు పొద్దున, దీపం పెట్టి సాంబ్రాణి కోసం బొగ్గు రాజేస్తుంటే మావారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఈ రెండు వారాలూ ఆ పొగ ఆపుతావా" అన్నారు.

"ఒంట్లో బాలేదా" అన్నాను.

"నాకు బానే ఉంది. బట్టలకి పట్టేస్తుంది. జింక పసిగట్టేస్తుంది."

మేముండేది దేశం కాని దేశంలో, బిషాన్‌లో, తొమ్మిదో అంతస్తులో. మా కిటికీలోంచి చూస్తే ఎదురు బ్లాకు వాళ్ళు వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, కింద కారు పార్కింగు కనిపిస్తుంది. ఆయన చెప్పే జింక భూమికి అవతలి వైపున, అమెరికాలో, ఎవరి పొలం వెనకో మేస్తోంది. దాని ముక్కుకి భయపడి నేను మా దేవుడి ముందు పొగ వేయకూడదు. ఇది సరదాకి అంటున్న మాట కాదని ఆయన మొహం చూస్తే అర్థమైంది.

సంగతి ఇదీ. మావారి పై అధికారి అమెరికన్. ఇక్కడే సెరంగూన్‌లో కాండోలో ఉంటాడు. ఏటా నవంబరులో సెలవు పెట్టి వాళ్ళ ఊరెళ్ళిపోతాడు. అక్కడ వాళ్ళ నాన్నకి పొలమూ, పొలాన్ని ఆనుకుని అడవీ ఉన్నాయి. ఆ నెలలో కొద్ది రోజులు తెల్లతోక జింకల్ని వేటాడడానికి ప్రభుత్వమే చీటీ ఇస్తుంది. ఆ కొద్ది రోజుల కోసం ఊరు ఊరంతా ఏడాది పొడుగునా కాచుకుని ఉంటుందట. ఈసారి మావారినీ రమ్మన్నాడు. ఆ మాట మోసుకుని ఇంటికొచ్చిన సాయంత్రం మావారి మొహం చూడాలి. నన్ను చూడ్డానికి వచ్చిన రోజున కూడా ఆ మొహం అంత వెలగలేదు.

ఆ సాయంత్రం నుంచీ మా ఇల్లు ఇల్లులా లేదు. రోజుకో పార్సెల్ వచ్చేది. ముదురు నారింజ రంగు కోటు, అదే రంగు టోపీ. తోటి వేటగాడు చూసుకోక కాల్చేయకుండా ఉండడానికి ఆ రంగు. జింకకి ఆ రంగు తెలియదట, వాసన మాత్రం ఫర్లాంగు దూరం నుంచే తెలుస్తుందట. మందపాటి మేజోళ్ళు, చేతులకి గ్లవ్స్, వాసన లేని సబ్బు, వాసన లేని బట్టల పొడి, గాలి చొరబడని పెద్ద సంచీ. కంప్యూటర్‌లో వేట పాఠాలు కొన్నారు. పరీక్ష పాసైతేనే చీటీ ఇస్తారట. మా అమ్మాయి పక్కన కూర్చుని ప్రశ్నలడిగేది.

"నాన్నా, బిఫోర్ యూ షూట్, వాట్ మస్ట్ యూ చెక్?"

"ముందు ఏముందో చూడాలి. దాని వెనక ఏముందో కూడా చూడాలి. తెలియకుండా కాల్చకూడదు."

"కరెక్ట్."

నాకూ ఆ పాఠం నచ్చింది. మంచి పాఠమే అనుకున్నాను.

అక్కడ చెట్టుకి మంచె కడతారట. దాని మీద గంటల తరబడి, చలిలో, కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. అందుకని ఆదివారాలు హాల్లో ఎత్తు స్టూలు వేసుకుని, ఏసీ పదహారులో పెట్టి, నారింజ కోటు తొడుక్కుని, తుపాకీ బదులు మాప్ కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఫోను ముట్టేవారు కాదు. మా అమ్మాయి అటూ ఇటూ తిరుగుతూ, "ట్రాఫిక్ కోన్ లాగా ఉన్నావు లా" అని ఈ ఊరి యాసలో అనేది. నేను పక్క నుంచి బెండకాయలు తరుగుతూ చూసేదాన్ని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా ఎదురుగా ఫోను లేకుండా రెండు గంటలు కూర్చోవడం అదే మొదలు. అదీ నా కోసం కాదు.

చంపడం గురించి నాకు కోపం లేదు. అది ముందే చెప్పేస్తాను, లేకపోతే నా కోపం వేరేగా అర్థమవుతుంది. కార్తీకం తప్ప మిగతా నెలల్లో మా ఇంట్లో చేప ఉడుకుతుంది, కోడి ఉడుకుతుంది. మా తాతయ్య వలలు పట్టుకుని కుందేళ్ళకి వెళ్ళేవాడు. తెచ్చింది మా అమ్మమ్మ వండేది, మేం తినేవాళ్ళం. ఒక్క మాట మాత్రం అన్నాను, "కార్తీకంలో ఏమిటండీ" అని. "అమెరికా గవర్నమెంటు పంచాంగం చూసి తేదీలు పెట్టదుగా" అన్నారు. నిజమే, పెట్టదు. అక్కడితో ఊరుకున్నాను.

నాకు మండింది వాసన దగ్గర.

ఈ ఊరు వచ్చిన కొత్తలో క్లెమెంటిలో ఒక గది అద్దెకి తీసుకున్నాం. గది చూపించినావిడ మా పేర్లడగలేదు, ఏం పని చేస్తారని అడగలేదు. "వండుతారా" అంది. వండుతామంటే, "ఉడకబెట్టుకోండి. వేయించొద్దు" అంది. పదకొండు నెలలు పోపు లేని పప్పు తిన్నాం. ఇంగువ డబ్బాని మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి చీరల కింద దాచాను, దొంగసొత్తులాగా. వాళ్ళు ఊరెళ్ళిన రోజున కూడా భయపడుతూ, కిటికీలన్నీ తెరిచి, చారెడు ఆవాలు వేయించాను. బిషాన్‌లో ఈ ఫ్లాట్ మాదయ్యాక, పాలు పొంగించిన పొయ్యి మీదే మూకుడు పెట్టి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ వేసి పోపు పెట్టాను. అందులో వేయడానికి పప్పు లేదు, చారు లేదు. ఊరికే పోపు. ఇల్లంతా ఘాటెక్కితే మావారూ నేనూ దగ్గుకుంటూ నవ్వుకున్నాం. ఆయనా నవ్వారు. అది బాగా గుర్తు నాకు.

మొదట ఇల్లుగలావిడ ముక్కు. ఇప్పుడు అమెరికా జింక ముక్కు. నా వంటా నా పూజా ఎవరెవరి ముక్కులకి లోబడి ఉండాలో ఎవరైనా ఒక కాగితం మీద రాసిస్తే బాగుండును.

అయినా ఆపాను. ఇది కూడా చెప్పాలి. పోట్లాడలేదు. సాంబ్రాణి ఆపాను, ఊదొత్తులు ఆపాను, కర్పూరం ఆపాను. నువ్వుల నూనె దీపం ఒక్కటీ ఉంచుకున్నాను, అది పెద్దగా వాసన రాదు కనక. పోపు మానేశాను. మళ్ళీ క్లెమెంటి పప్పు. ఆయన వేట బట్టలు నేనే ఉతికాను. ముందు ఉత్త నీళ్ళతో వాషింగ్ మెషీను రెండుసార్లు తిప్పి, పాత సబ్బు వాసన పోవడానికి వంట సోడా వేసి ఇంకోసారి తిప్పి, అప్పుడు ఆయన పొడితో ఉతికి, పై అంతస్తు వాళ్ళు చేపలు వేయించని వేళ చూసి కర్రల మీద ఆరేశాను. మడత పెట్టేటప్పుడు నా చేతుల పసుపు తగలకుండా గ్లవ్స్ తొడుక్కున్నాను. కోపంతో చేసినా పని మాత్రం సరిగ్గానే చేశాను. నాకు వేరేలా చేయడం రాదు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా నాన్న ఉద్యోగం కాలవ లాకుల దగ్గర. ఆ చుట్టుపక్కల బడి లేదు. అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. అక్షరాలు, ఎక్కాలు, స్తోత్రాలు, ఉత్తరాలు రాయడం. పాఠం ఎత్తుకునే ముందు రోజూ పలక మీద ఒక పని చేయించేది. నిన్న ఎవరి వల్ల మనకి మేలు జరిగిందో రాయమనేది. పడవ మీద కూరలు తెచ్చినతను. జ్వరం వస్తే పసరు వేసినావిడ. అమ్మ పోయాక పలక బదులు నోటుపుస్తకం పెట్టుకున్నాను. పొద్దున్నే దీపం పెట్టి, ఆ వెలుగులో రాసుకుంటాను. పేర్లు, వాటి పక్కన ఒక ముక్క. ఇన్నేళ్ళలో ఆ పుస్తకంలో మావారి పేరు లేని రోజు చాలా తక్కువ. కుళాయి బాగు చేశారనో, పిల్లని స్కూల్లో దింపారనో ఏదో ఒకటి ఉండేది. ఆ కార్తీకంలో మొదటిసారి కలం ఆగింది. బొగ్గు లేని సాంబ్రాణి గిన్నె ఎదురుగా ఉండగా ఆయన పేరు రాయబుద్ధి కాలేదు. ఆ రోజు పక్కింటి ఆంటీ పేరు ఒక్కటే రాశాను.

ఆంటీ గురించి చెప్పాలి. మా కారిడార్‌లో చివరి తలుపు ఆవిడది, దాని పక్కది మాది. చైనీస్ ఆవిడ, ఒక్కతే ఉంటుంది, డెబ్భై దాటి ఉంటాయి. ఆవిడ గుమ్మం పక్కన నేల మీద ఎర్రని కుండ ఉండేది. అందులో బూడిద. రోజూ పొద్దునా సాయంత్రం మూడేసి ఊదొత్తులు గుచ్చి, ఆకాశం కేసి మూడుసార్లు వంగి దణ్ణం పెట్టుకునేది. ఆవిడ లెక్కలో నెలకి రెండు రోజులు పెద్దవి, ఒకటో రోజు, పదిహేనో రోజు. చంద్రుణ్ణి బట్టే. అంటే మన పాడ్యమి, మన పున్నమి.

మేం వచ్చిన మొదటి కార్తీక పున్నమికి నేను మూడువందల అరవై ఐదు వత్తులు నేతిలో నానబెట్టి కారిడార్‌లో తులసి కుండీ ముందు వెలిగించాను. ఏడాదిలో ఏ రోజు దీపం తప్పినా ఆ ఒక్క కట్టతో సరిపెట్టుకోమని దేవుణ్ణి అడుక్కోవడం అది. కింద స్టీలు పళ్ళెం పెట్టాను, పళ్ళెం కింద ప్లాస్టిక్ చాప ఉందన్న సంగతి చూసుకోలేదు. మంట జానెడెత్తు లేచింది, చాప అంటుకుంది, నల్లటి పొగ. ఎవరో తలుపు తీసి అరిచారు. నేను చేతులు కాల్చుకుంటూ కంగారుపడిపోతుంటే ఆంటీ తడిగుడ్డ తెచ్చి చాప మీద వేసి తొక్కింది. అరిచినాయనకి వాళ్ళ భాషలో ఏదో చెప్పి పంపించింది. తరవాత లోపలికి వెళ్ళి పాత బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చింది, సగం వరకూ ఇసక పోసి ఉంది.

"ఫైర్ మస్ట్ సిట్ ఆన్ శాండ్" అంది. నిప్పు ఇసక మీద కూర్చోవాలి. "నెక్స్ట్ టైమ్ యూజ్ దిస్."

అప్పట్నుంచీ ప్రతి కార్తీక పున్నమి సాయంత్రం నా వత్తులు ఆ డబ్బాలోనే వెలుగుతాయి. ఆవిడ పదిహేనో రోజు పూజా అప్పుడే. పున్నమికి ముందు రోజు తలుపు తట్టి, "టుమారో ఫిఫ్టీన్, కరెక్ట్?" అని అడిగేది. నేను పంచాంగం చూసి చెప్పేదాన్ని. ఆవిడ క్యాలెండర్, నా పంచాంగం ఒక్కో నెల ఒక రోజు తేడా పడేవి. అప్పుడు ఇద్దరం గుమ్మంలో నిలబడి ఎవరిది రైటో వాదించుకునేవాళ్ళం. ఆవిడ ఇంగ్లీషూ, నా ఇంగ్లీషూ రెండూ ఇంట్లో నేర్చుకున్నవే. ఒకళ్ళకొకళ్ళం బాగా అర్థమయ్యేవాళ్ళం.

పున్నమికి వారం ఉందనగా మావారు తలుపు దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చారు.

"మనం ఆపి ఏం లాభం? ఆవిడ పొగంతా మన హాల్లోకే వస్తోంది. నువ్వొకసారి చెప్పకూడదూ. నీ మాట వింటుంది."

"ఏమని చెప్పాలి?"

"కొన్నాళ్ళు లోపల పెట్టుకోమని. లేదా ఆపమని. పది రోజులేగా."

"ఆవిడ దేవుడికి మీ జింక సంగతి నేను చెప్పను."

"నువ్వు ప్రతిదీ దేవుడి దాకా తీసుకెళ్తావు" అన్నారు.

"మీరు ప్రతిదీ జింక దాకా తీసుకెళ్తున్నారు" అన్నాను. మా అమ్మాయి బాత్రూమ్‌లోంచి నవ్వింది. ఆయన నవ్వలేదు.

మర్నాడు సాయంత్రం నేను కూరగాయలు తెచ్చుకుని లిఫ్టు దిగి వస్తుంటే కారిడార్ చివర ఏదో వెలితిగా అనిపించింది. దగ్గరికి వచ్చి చూస్తే ఎర్రకుండ లేదు. అది ఉండే చోట నేల మీద గుండ్రంగా నల్లటి మచ్చ ఒకటే ఉంది. ఆవిడకి ఒంట్లో ఏమైనా అయిందేమోనని బెంగపడ్డాను. తలుపు మూసి ఉంది. తట్టాను, ఎవరూ పలకలేదు. ఆ మర్నాడు పొద్దున కింద మార్కెట్లో చేపల కొట్టు దగ్గర కనిపించింది. నన్ను చూడగానే తన చెయ్యి నా నుదుటి మీద పెట్టింది.

"హెడేక్ బెటర్?"

"ఏం తలనొప్పి ఆంటీ?"

మావారు వచ్చి చెప్పారట. మీ ఊదొత్తుల పొగకి మా ఆవిడకి తలనొప్పి వస్తోంది, చాలా రోజులుగా ఓర్చుకుంటోంది, మీతో చెప్పడానికి మొహమాటపడుతోంది, ఏమీ అనుకోకండి అని. ఆవిడ కుండ లోపలికి తీసుకెళ్ళి వంటింటి కిటికీ దగ్గర పెట్టుకుంది.

"ఐ సీ యూ ఆల్సో స్టాప్ బర్నింగ్," అంది. "సో ఐ థింక్, అయ్యో, వెరీ పెయిన్. సో మెనీ ఇయర్స్ యూ నెవర్ సే." ఇన్నేళ్ళూ నువ్వు చెప్పనే లేదు అంటూ నొచ్చుకుంది. తన మీద తనే నొచ్చుకుంది. నా మీద కాదు.

"లేదు ఆంటీ, తలనొప్పి లేదు" అన్నాను. మొహమాటానికి అంటున్నానని అనుకుని, వీపు మీద తట్టి వెళ్ళిపోయింది. ఆ చేపల కొట్టు ముందు, కాళ్ళ కింద ఐసు నీళ్ళు పారుతుండగా నిలబడిపోయాను. నేను పోట్లాడకుండా నా సాంబ్రాణి ఆపుకున్నాను చూశారా, అదే సాక్ష్యమైంది. నేను ఒద్దికగా ఉన్నాను కనకే ఆయన అబద్ధం నిజంలా కనిపించింది. నా మంచితనాన్ని తీసుకెళ్ళి ఆ ముసలావిడ మొహం మీద కొట్టారు, నా పేరుతో.

ఇంటికెళ్ళాను. ఆ రోజు ఆయన ఇంట్లోంచే పని చేస్తున్నారు. మీటింగ్ అయ్యేదాకా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన ప్రాక్టీసు చేసినట్టే, కదలకుండా. మీటింగ్ అయింది.

"నాకు తలనొప్పి ఎప్పట్నుంచి?" అన్నాను.

ఆయనకి వెంటనే అర్థమైంది. "చిన్న విషయం. నొప్పించకుండా చెప్పాలనుకున్నాను."

"ఎవర్ని నొప్పించకుండా?"

"ఆవిడ్నే."

"ఆవిడ ఇవాళ నా నుదురు పట్టుకుని చూసింది. ఇన్నేళ్ళూ నన్ను బాధపెట్టానని కుమిలిపోతోంది. మీరు చదువుకున్నారుగా పాఠం. ముందు ఏముందో, వెనక ఏముందో చూసుకోకుండా కాల్చకూడదని. ఆ ముసలావిడ కనిపించలేదా మీకు? నేను కనిపించలేదా?"

"ఒక్క వారమే. నేను వెళ్ళిపోగానే మళ్ళీ పెట్టుకోమని చెబుదాం."

"ఏమని చెబుతారు? తలనొప్పి అమెరికా వెళ్ళిపోయిందనా?"

మా అమ్మాయి స్కూలు బ్యాగు విప్పుతూ గుమ్మంలో నిలబడింది. పిల్ల వచ్చిన సంగతి మేమిద్దరం చూసుకోలేదు. "నాన్నా, యువర్ బాస్ సెడ్ హిజ్ మామ్ విల్ వాష్ ఎవ్రీథింగ్ దేర్, రైట్? ఐ హర్డ్ యూ ఆన్ ద ఫోన్ వాట్" అంది.

నేను ఆయన కేసి చూశాను. వాళ్ళ బాస్ అసలు అడగనేలేదు. "బట్టలు అక్కడికొచ్చాక మా అమ్మ వాసన లేని సబ్బుతో ఉతుకుతుంది, నువ్వు చేతులూపుకుంటూ వచ్చేయ్" అన్నాడట. అది మూడు వారాల కిందటి మాట. వారం రోజులు నా ఇంట్లో సాంబ్రాణి లేకుండా, పోపు లేకుండా నడిచింది ఎవరూ అడగని దాని కోసం.

"మరి ఎందుకండీ" అన్నాను.

ఆయన పిల్లని లోపలికి వెళ్ళమన్నారు. అది వెళ్ళింది కానీ తలుపు వేయలేదు.

"వాళ్ళ అమ్మ మన బట్టలు చేతిలోకి తీసుకుంటుంది," అన్నారు. "పెట్టె తెరవగానే మన వాసన వస్తుంది. ఆవిడ ఏమీ అనదు. మంచావిడే అయి ఉంటుంది. కానీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం నేను చూడదలుచుకోలేదు."

పోయినేడు ఆఫీసు లిఫ్టులో జరిగిందట. ఈయన ఎక్కగానే ఒకతను పక్కవాడితో, ఎవరో లంచ్ తొందరగా మొదలుపెట్టినట్టున్నారు అన్నాడట. ఈయన చేతిలో లంచ్ లేదు. కోటుకి పట్టిన మా ఇంటి పోపు. ఇద్దరూ నవ్వారట. ఈయనా నవ్వారట. ఆ సంగతి ఇన్నాళ్ళూ నాతో చెప్పలేదు. ఆ తరవాతే ఆఫీసు కోటు కారులో ఉంచడం మొదలుపెట్టారని అప్పుడు తెలిసింది. నేను ముడతలు పడతాయనుకునేదాన్ని.

విన్నాక నా కోపం తగ్గిందని రాస్తే అబద్ధం. పెరిగింది. కాకపోతే ఇంతకుముందు ఒక్కరి మీద ఉన్నది ఇప్పుడు అయిదుగురి మీదకి పాకింది. లిఫ్టులో ఆ ఇద్దరి మీద, క్లెమెంటి ఆవిడ మీద, వాళ్ళతో కలిసి నవ్విన ఈయన మీద, చీరల కింద ఇంగువ దాచిన నా మీద. జింకకి మాత్రం ఇందులో ఏ పాపమూ లేదు. అది ఉత్తినే అక్కడెక్కడో మేస్తోంది.

"మీకు అవమానం జరిగింది, ఒప్పుకుంటాను," అన్నాను. "దాన్ని తీసుకెళ్ళి ఆవిడ గుమ్మంలో ఎందుకు పెట్టారు? ఆవిడ మన వాసనకి ఎప్పుడైనా ఆగిందా?"

"లేదు."

"అయితే వెళ్ళి చెప్పండి. నిజం చెప్పండి. నా తరఫున నేను వెళ్ళి చెప్పొచ్చు, కానీ ఆవిడ నమ్మదు, మొహమాటం అనుకుంటుంది. మీరే చెప్పాలి. పున్నమి లోపల."

"చెబుతాలే."

చెప్పలేదు. ఒక రోజు మీటింగులన్నారు, ఒక రోజు ఆవిడ ఇంట్లో లేదన్నారు, ఇంకో రోజు ఏ సాకూ చెప్పకుండా ఊరుకున్నారు. నేను మళ్ళీ అడగలేదు. వంట చేశాను, వడ్డించాను. అడిగినవాటికి జవాబులు చెప్పాను. సాంబ్రాణి మాత్రం మర్నాటి నుంచే మళ్ళీ మొదలెట్టాను. పోపూ పెట్టాను, రోజూ కంటే ఒక ఎండుమిర్చి ఎక్కువే వేసి. ఆయన వేట బట్టల సంచీని పట్టుకెళ్ళి కారు డిక్కీలో పెట్టుకున్నారు.

ఆంటీ మాత్రం బయటికి రాలేదు. పున్నమి ముందు రోజు నా తలుపు తట్టలేదు. రేపు ఫిఫ్టీనా అని అడగలేదు. ఇన్నేళ్ళలో అడగని నెల లేదు. సాయంత్రం దాకా తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఆవిడ కుండతో పాటు నన్ను కూడా లోపలికి తీసుకెళ్ళిపోయిందనిపించింది, నాకు ఇబ్బంది కలగకుండా.

పున్నమి నాడు ఉపవాసం. పొద్దువాలాక వత్తుల కట్ట నేతిలో నానబెట్టి, బిస్కెట్ డబ్బాలో ఇసక సరిచేసి కారిడార్‌లోకి తెచ్చాను. మావారి విమానం మర్నాడు. హాల్లో పాస్‌పోర్టు, చీటీ, టోపీ వరసగా పెట్టుకుంటున్నారు. నేను డబ్బా తులసి ముందు పెట్టలేదు. తీసుకెళ్ళి ఆంటీ గుమ్మం పక్కన, ఆ నల్లమచ్చ మీద పెట్టాను. పెట్టి, వెలిగించకుండా మెట్ల దగ్గర కూర్చున్నాను.

మావారు బయటికొచ్చి చూశారు. "అక్కడ పెట్టావేంటి?"

"వెలిగించేవాళ్ళు రావాలి."

"ఆవిడకి తెలుసా?"

"తెలీదు. ఆవిడకి తలనొప్పి సంగతే తెలుసు."

లోపలికి వెళ్ళారు. వెళ్ళి తలుపేసుకుంటారనుకున్నాను. రెండు నిమిషాల తరవాత లుంగీ మార్చి ప్యాంటు వేసుకుని వచ్చారు. ఆంటీ తలుపు తట్టారు. తలుపు తెరుచుకుంది. ఆవిడ ఆయన్ని చూసింది, కింద డబ్బాని చూసింది, మెట్ల మీద నన్ను చూసింది.

ఆయన ఇంగ్లీషు మంచి ఇంగ్లీషు, ఆఫీసుది. ఆ సాయంత్రం అది పని చేయలేదు. తలనొప్పి మా ఆవిడకి లేదు, ఎప్పుడూ లేదు, నేను అబద్ధమాడాను అన్నారు. ఎందుకంటే అని మొదలుపెట్టి, వేట అన్నారు, జింక అన్నారు, బట్టలన్నారు, లిఫ్టు దాకా వచ్చి ఆగిపోయారు. మెడ వెనక చెమట నాకు కనిపిస్తోంది. నాకు జాలి వేయలేదు. కొంచెం వేసిందేమో, పైకి రానివ్వలేదు.

ఆంటీ అంతా విని, "డీర్ నోస్ సో క్లెవర్?" అంది.

"యెస్ ఆంటీ."

"యువర్ వైఫ్ నోస్ మోర్ క్లెవర్" అంది. మీ ఆవిడ ముక్కే ఇంకా తెలివైనదని, నవ్వకుండానే అంది. తరవాత నిట్టూర్చి, పోనీలే, నువ్వు వెళ్ళేది రేపేగా, ఒక్కరోజు లోపలే ఉంచుకుంటాను, నాకేం ఇబ్బంది లేదు అంది. ఆవిడ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా కనిపించింది. నేను లేచి వెళ్ళాను.

"ఆంటీ, టుడే ఫిఫ్టీన్," అన్నాను.

నా మొహంలోకి చూసింది. పంచాంగాల తగువులప్పుడు చూసినట్టు. "యూ ష్యూర్?"

"వెరీ ష్యూర్."

లోపలికెళ్ళి ఎర్రకుండని రెండు చేతులా మోసుకుంటూ వస్తుంటే మావారు అందుకోబోయారు. ఇవ్వలేదు. తనే తెచ్చి, నా డబ్బాని పాదంతో కొంచెం పక్కకి జరిపి, కుండని దాని మచ్చ మీదే కూర్చోబెట్టింది. ఊదొత్తులు వెలిగించుకుంది. నేను వత్తుల కట్ట అంటించాను. నెయ్యి మంట ఇసక మీద నిలకడగా లేచింది. సాంబ్రాణి కూడా తెచ్చి, బొగ్గు మీద చారెడు వేశాను. మామూలుగా చిటికెడే వేస్తాను.

ఆ సాయంత్రం గాలి మా వైపే ఉంది. ఇద్దరు దేవుళ్ళ పొగా కలిసి నేరుగా మా హాల్లోకి వెళుతోంది. అక్కడ ఆయన టోపీ, ఆయన కాగితాలు, కుర్చీకి తగిలించిన ప్రయాణం కోటు. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు, చెయ్యి తలుపు పిడి మీద ఉంది. మూస్తారేమో అని నేను చూస్తూనే ఉన్నాను. వత్తులు పూర్తిగా కాలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన చెయ్యి పిడి మీదే ఉంది. తలుపు మూయలేదు.

మర్నాడు వెళ్ళారు, పన్నెండో రోజున తిరిగొచ్చారు. జింక దొరికిందా అని నేను అడగలేదు. ఒకటి దగ్గర దాకా వచ్చి, మంచె కేసి చూసి, తెల్లతోక ఎత్తి వెళ్ళిపోయిందని పిల్లతో చెబుతుంటే విన్నాను. ఆ బాస్ వాళ్ళ అమ్మ పెట్టె తెరిచినప్పుడు ఆగిందో లేదో కూడా అడగలేదు. అది ఆయనే ఎప్పుడైనా చెప్పాలి. ఇంకా చెప్పలేదు. ఆఫీసు కోటు ఇప్పటికీ కారులోనే ఉంటోంది. దాని మీద నాకింకా కోపం ఉంది.

ఆయన బయలుదేరిన పొద్దున, టాక్సీ వెళ్ళాక దీపం ముందు కూర్చుని పుస్తకం తెరిచాను. ఆంటీ పేరు రాశాను, పక్కన కుండ అని రాశాను. పిల్ల పేరు రాశాను, ఫోన్లో విన్న మాట దాచుకోనందుకు. ఆయన పేరు రాద్దామని కలం పెట్టాను. రాలేదు. కాసేపు చూసి, పేరు లేకుండా, తలుపు మూయనందుకు అని మాత్రం రాసి పుస్తకం మూశాను.